జమ్ముకుంట దగ్గర పెళ్ళిచూపులు

నా పేరు పుష్పవతి. పేరు విని మెత్తటి మనిషిననుకుని మోసపోయినవాళ్ళు మా చుట్టుపక్కల చాలామందే ఉన్నారు. మా ఊళ్ళో నా నోటికి పేరుంది. అదేమంత మంచి పేరు కాదని మా అమ్మ అంటుంది. అసలు ఏ పేరూ లేకపోవడం కంటే నయమే కదా అని నేనంటాను.

మాది వత్సవాయికి ఎగువన, గుట్టల కిందకి ఉండే పల్లె. మా నాన్న రత్తయ్య పత్తి, మిరప వేసే రైతు. ఆయనకి ఇద్దరం ఆడపిల్లలం, కొడుకుల్లేరు. ఆ లోటు ఆయన ఎన్నడూ పైకి అనలేదు కానీ, నాకు జడ వేసుకోవడం రాకముందే చేతికి గాలం కర్ర ఇచ్చాడు. ఏటా పత్తి విత్తడం అయిపోయి మొలకలు పైకి రావడానికి ఎదురుచూసే నాలుగు రోజుల్లో గుట్టల అవతల అడవిలో ఉన్న జమ్ముకుంటకి పోయి, ఒక రాత్రి అక్కడే ఉండి, చేపలు పట్టి వండుకు తిని రావడం ఆయనకి అలవాటు. మా ట్రాక్టరు నడిపే సిలార్ బాబాయి, నాన్న, నేను. నేను ఎదిగాక మా మేనత్త సుబ్బమ్మ కూడా రావడం మొదలుపెట్టింది. కాపలాకని పేరు, నిజానికి ఆవిడకి అడవిలో వండిన పులుసంటే ప్రాణం.

దివిసీమ ఉప్పెన వచ్చిన తర్వాతి ఏడు నాకు నందిగామ సంబంధం వచ్చింది. కుర్రాడి పేరు భవానీప్రసాద్. కరెంటు మోటార్లు బాగుచేసే షాపుంది, ఊళ్ళో పొలముంది, చూడ్డానికి బాగానే ఉన్నాడు. నేను కూడా వంకలు పెట్టాలని కూర్చోలేదు. ఆ మాట నమ్మండి.

చూపుల రోజు మా నాన్న ఆప్యాయంగా అడిగాడు. "కాఫీ పెట్టించమంటావా బాబూ, టీ తాగుతావా?"

"మీ ఇష్టమండి," అన్నాడు.

"లోపల ఉక్కగా ఉందేమో, వసారాలో కూర్చుందామా?"

"ఎక్కడైనా ఫర్వాలేదండి."

"మా అమ్మాయితో ఏమన్నా మాట్లాడతావా?"

"మీరెట్లా అంటే అట్లాగేనండి."

చివరికి వాళ్ళ మేనమామ, ఏరా, పిల్ల నచ్చిందా అని సూటిగా అడిగితే, ఆ మహానుభావుడు నేల చూపులు చూస్తూ, "పెద్దవాళ్ళ ఇష్టం," అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎదురుగా కూర్చున్నది నేనా, సంతలో దూడనా?

వాళ్ళు వెళ్ళాక ఇంట్లో ఒకటే పొగడ్తలు. ఎంత వినయం, ఎంత మర్యాద, ఈ కాలంలో ఇట్లాంటి పిల్లలున్నారా అని. నాకు మాత్రం మా అక్క ప్రమీలారాణి మొగుడు కళ్ళముందు మెదిలాడు. ఆయన కూడా ఇంతే. తాగడు, పేకాడడు, గట్టిగా మాట్లాడడు. అక్కకి టీచర్ ట్రైనింగ్‌లో సీటొచ్చినప్పుడు తప్పకుండా పంపిస్తానన్నాడు. వాళ్ళమ్మ, కోడలు ఊళ్ళు తిరగడమేంటని ఒక్క మాట అనేసరికి, నీ ఇష్టమమ్మా అని అటు తిరిగి భోజనానికి కూర్చున్నాడు. అక్క ట్రంకుపెట్టె సర్దుకుని మళ్ళీ బట్టలన్నీ బయటికి తీసి మడతపెట్టుకుంది. మాతో చెప్పి ఏడవను కూడా లేదు. అందరికీ అవునని చెప్పేవాడు పెళ్ళానికి అడ్డు నిలబడడు, అండగానూ నిలబడడు. కాబట్టి ఈ భవానీప్రసాద్‌కి కాదనడం వచ్చా, రాదా? నాకు తెలియాల్సింది అదొక్కటే. వస్తే చేసుకుంటాను, రాకపోతే ఆ మేనమామ మంగళసూత్రం తెచ్చి బతిమాలినా చేసుకోను.

"నాన్నా, ఈసారి జమ్ముకుంటకి అతన్ని కూడా రమ్మను," అన్నాను.

అమ్మ చేతిలో చేట కింద పెట్టేసింది. "పెళ్ళికాని పిల్ల పెళ్ళికొడుకుని అడవికి తీసుకుపోద్దా? నలుగురూ వింటే మొహాన ఉమ్మేస్తారే."

"అత్త ఉంటుంది, నాన్న ఉంటాడు, సిలార్ బాబాయి ఉంటాడు. గుళ్ళో పెళ్ళిచూపులకి కూడా ఇంత కాపలా ఉండదు."

నాన్న మాత్రం మీసం కింద నవ్వుకున్నాడు. ఆయన కుంట కబుర్లు మేమందరం విని విని విసిగిపోయి ఉన్నాం. కొత్తగా వినేవాడు దొరుకుతుంటే ఎందుకు కాదంటాడు? చూపులనాడే వాళ్ళ మేనమామ ముందు, మా జమ్ముకుంట కొర్రమీను ఒక్కసారి తింటే మీ కృష్ణ చేప మళ్ళీ నోట పెట్టరని కోతలు కోసి ఉన్నాడు కూడా. ఆషాఢం రాకముందే ఏ సంగతో తేల్చుకోవాలి కాబట్టి వెంటనే నందిగామకి కబురు పంపించాడు. జవాబు ఏమొచ్చిందో మీకు చెప్పక్కర్లేదు. మీ ఇష్టమన్నాట్ట.

చెప్పిన రోజుకి చేతిసంచీతో బస్సు దిగాడు. ఇస్త్రీ ప్యాంటు, తెల్ల చొక్కా. అడవికొచ్చే మనిషి తెల్ల చొక్కా వేసుకొస్తాడా అని అత్త చెవిలో గొణిగాను. "ఉన్నదాంట్లో మంచిది వేసుకొచ్చాడులే, నీ కోసమేగా," అని అత్త నన్నే గిల్లింది.

గుట్ట మొదలు దాకా ట్రాక్టరు పోతుంది. అక్కణ్ణించి రాళ్ళ దారిలో మోదుగ చెట్ల మధ్య నడక. సామాను పంచేటప్పుడు నేను కావాలనే బియ్యం మూట, ఇత్తడి గిన్నెలు, లారీ మీద కప్పే బరకం, మూడూ ఆయన ముందు పెట్టాను.

"ఇవి మోస్తారా?"

"ఇటివ్వండి."

"లాంతరు కూడా?"

"అలాగేనండి."

ఎంత అమాయకంగా అన్నాడంటే, నాకు లాంతరు ఇవ్వడానికి సిగ్గేసింది. అయినా ఇచ్చాను. పరీక్ష పరీక్షే. మోసుకొచ్చాడు, ఆయాసపడ్డాడు, మధ్యలో ఒకసారి జారి మోకాలు చీరుకున్నాడు. ఆగుదామా అని నాన్న అడిగితే, మీ ఇష్టమన్నాడు. సిలార్ బాబాయి తల అటు తిప్పుకుని నవ్వాడు.

జమ్ముకుంట పెద్దదేం కాదు. మూడు వైపులా గుట్టలు, ఒకవైపు గట్టు, గట్టు పక్కన నిలువెత్తు జమ్ము గడ్డి. ఎవరు తవ్వించారో ఎవరికీ తెలియదు. ఒడ్డున ఇల్లంత నల్లబండ ఒకటుంది. దానికి బరకం ఆన్చి రెండు కర్రలు పాతితే అదే మా ఇల్లు. మూడు రాళ్ళు పేర్చితే పొయ్యి. తాగే నీళ్ళకి కుంటకి ఎడంగా ఇసుకలో గుంట తీస్తే చల్లటి ఊట వస్తుంది. అక్కడికెళ్ళాక మా నాన్నకి పదేళ్ళు తగ్గుతాయి. పంచె ఎగ్గట్టి, బెండు కట్టి, గాలం విసిరి కూర్చున్నాడంటే ఇక ఈ లోకంలో ఉండడు.

నేను నా పని మొదలుపెట్టాను.

"గాలానికి ఎర్రలు కావాలి. ఆ బురదలో తవ్వితే దొరుకుతాయి. చేత్తోనే తియ్యాలి," అన్నాను.

తెల్ల చొక్కా చేతులు మడిచి, వానపాముల్ని ఒక్కొక్కటే తీసి కొబ్బరిచిప్పలో వేశాడు. మొహంలో అసహ్యం కనిపిస్తూనే ఉంది, నోట మాత్రం రాలేదు. తర్వాత గాలం ఇచ్చి, ఎడమ చేత్తో పట్టుకోవాలన్నాను. ఎడమ చేత్తో పట్టుకున్నాడు. కాసేపాగి, అబ్బే, కుడి చెయ్యే అన్నాను. కుడి చేతికి మార్చుకున్నాడు. నిలబడి పట్టాలన్నాను, నిలబడ్డాడు. అత్త ఉల్లిపాయలు తరుగుతూ చూసి చూసి, "ఒసే పుష్పా, ఆ పిల్లాణ్ణి బొంగరం చేసి తిప్పుతావేంటే," అంది. రాత్రి పడుకోవడానికి చీమలు బారులు తీరి ఉన్న రాతి పలక చూపించి, ఇది మీకు అన్నాను. బాగానే ఉందండి అన్నాడు.

అప్పటికి నాకు కోపం పోయి దిగులు పట్టుకుంది. నిజం చెప్తున్నా, ఆ మనిషి మీద నాకు అయిష్టం లేదు. మోకాలు చీరుకున్న సంగతి ఎవరికీ చెప్పకుండా ఆకు నలిపి పెట్టుకున్నప్పుడు నాకు ముచ్చటేసింది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి విసుక్కుంటే చాలునని లోపల్లోపల మొక్కుకున్నాను. ఆయన విసుక్కోలేదు. అక్క మళ్ళీ మడతపెట్టుకున్న బట్టలే గుర్తొచ్చాయి నాకు.

ఇక చేపల సంగతి. ఆ ఏడు తొలకరి ముందే పడి గుట్టల మీద నుంచి ఎర్రటి కొత్త నీరు దిగింది. కొత్త నీటికి చేప మేత మీద ఉండదు. మధ్యాహ్నమంతా మా నాన్న బెండు అటూ ఇటూ ఊగింది తప్ప ఒక్కసారి మునగలేదు. తావు మార్చాడు. ఎర మార్చాడు. నేను సరిగ్గా కట్టక ముడి వదులైందని నన్ను కసిరాడు. పొద్దు గుట్ట మీదికి వాలేసరికి బుట్టలో చేప పొలుసు కూడా లేదు. ఈ లోపల మా అత్త, తమ్ముడి మీద నమ్మకంతో చింతపండు పిసికి, మసాలా నూరి, పులుసు పొయ్యి మీద పెట్టేసింది. పులుసు కుతకుతలాడుతోంది. అందులో వెయ్యడానికి చేప లేదు.

మా నాన్న మొహం చూడ్డానికి నాకు మనసొప్పలేదు. ఇంటికొచ్చిన సంబంధం. అంత గొప్పలు చెప్పి రప్పించిన మనిషి. అతనికి పచ్చడి మెతుకులు పెట్టి పంపితే రేపు నందిగామలో వాళ్ళ మేనమామ ఏమంటాడు? మా వైపు రైతులు పంట పోతే తట్టుకుంటారు గానీ, విస్తరి ముందు కూర్చున్నవాడికి తక్కువ చేశారన్న మాట మాత్రం తట్టుకోలేరు.

అప్పుడే సిలార్ బాబాయి జమ్ము పక్కన చూశాడు. నీళ్ళ మీద కారం చల్లినట్టు ఎర్రగా ఒక మచ్చ. కాస్త కదిలింది, మునిగింది, మళ్ళీ తేలింది. కొర్రమీను పిల్లలు. వందలకి వందలు గుంపుగా గాలి పీల్చడానికి పైకి వస్తాయి. వాటి కిందే పెద్ద చేప కాపలా కాస్తూ ఉంటుంది. ఏది తన పిల్లల దగ్గరికి వచ్చినా ఊరుకోదు. బతికున్న కప్పని ముల్లుకి గుచ్చి ఆ మచ్చ మీద వేస్తే ఆకలి లేకపోయినా సరే, కోపంతో వచ్చి కరుస్తుంది. అంత తేలిక. తేలిక కాబట్టే జమ్ముకుంటకి వచ్చేవాళ్ళెవరూ ఆ పని చెయ్యరు. పెద్ద చేపని తీస్తే తెల్లారేసరికి పిల్లల్ని మిగతా చేపలు, కొంగలు మిగలనివ్వవు. మా తాత కాలం నుంచీ ఉన్న కట్టుబాటది. ఒకసారి గరికపాడు వైపు నుంచి వచ్చిన లారీవాళ్ళు అట్లా వెయ్యబోతే, వాళ్ళ చేతిలో గాలం లాక్కుని మోకాలికేసి విరిచింది సాక్షాత్తూ మా నాన్నే.

ఆ నాన్న ఎర్ర మచ్చ వంక చూశాడు. ఖాళీ బుట్ట వంక చూశాడు.

"సిలారూ, ఒక కప్పని పట్టు," అన్నాడు.

బాబాయి కదల్లేదు. "పిల్లలున్నయ్ రత్తయ్యగారూ."

"కళ్ళు నాకూ ఉన్నాయి. పట్టమంటుంటే."

అత్త గరిటె పట్టుకుని అట్లాగే ఉండిపోయింది. నేను నోరు తెరిచాను. నాన్న నా వైపు తిరిగాడు. ఆ మొహంలో చేప మీద ఆశ లేదు, అవమానం ఉంది. చిన్నపిల్లాడు పరీక్ష తప్పి ఇంటికొచ్చినట్టు ఉన్నాడు. పెళ్ళికొడుకు వినేటట్టు ఇప్పుడు నేను కాదంటే ఈ మనిషి పరువు ఈ కుంటలోనే కలిసిపోతుందనిపించింది. ఇంటా బయటా ఎవరినీ ఊరికే వదలని నేను అప్పుడు మాట్లాడలేకపోయాను.

భవానీప్రసాద్ ఒడ్డున గిన్నెలు కడుగుతున్నాడు. ఆ పని కూడా నేను చెప్పిందే. నాన్న తనే కప్పని పట్టి మొదటిసారి విసిరిన గాలం మచ్చకి ఇవతల పడింది. నీళ్ళు ఒక్క ఊపు ఊగాయి. పెద్దదే, చాలా పెద్దది.

"అవేంటండి ఎర్రగా?" అని ఆయన సిలార్ బాబాయిని అడగడం వినిపించింది. బాబాయి గొంతు తగ్గించి చెప్పాడు. నాన్న గాలం వెనక్కి లాక్కుని, కప్పని సర్దుకుని, ఈసారి గురి చూసి మళ్ళీ విసరబోతున్నాడు.

భవానీప్రసాద్ చేతిలోని గిన్నె ఒడ్డున పెట్టాడు. ప్యాంటు కూడా మడవకుండా నీళ్ళలోకి దిగి, మోకాళ్ళ లోతు, తొడల లోతు నడుచుకుంటూ పోయి జమ్ము ముందు నిలబడి రెండు చేతులతో నీళ్ళని ఫెళ్ళున కొట్టాడు. ఎర్ర మచ్చ మాయమైంది. అప్పటికే నాన్న చెయ్యి విసిరేసింది. గాలం వెళ్ళి ఆయన చొక్కా భుజానికి తగులుకుంది. కప్ప అక్కడ వేలాడుతూ కాళ్ళు తన్నుకుంటోంది.

"ఏంటి బాబూ ఇది? ఇవతలకి రా, ముల్లు గుచ్చుకుంటుంది," అన్నాడు నాన్న.

"వద్దండి," అన్నాడాయన.

"ఏంటి వద్దు?"

"దాన్ని తియ్యొద్దండి. పిల్లల్తో ఉందంట."

"నీ కోసమేనయ్యా. వచ్చినవాడికి చేప పెట్టకుండా పంపితే మీవాళ్ళు ఏమనుకుంటారు?"

"నా కోసమైతే అసలొద్దండి. వండినా నేను తినను."

"నువ్వు తినకపోతే మేం తింటాం. ముందు పైకి రా."

"రానండి."

మా నాన్నకి ఆ మాట అన్న మగవాణ్ణి నేను అప్పటిదాకా చూడలేదు. ఆయన మెడ మీద నరం ఉబ్బింది.

"నాకే చెప్తావా? నువ్వు పుట్టకముందు నుంచీ ఈ కుంటకొస్తున్నా నేను."

"అది నిజమేనండి. ఒప్పుకుంటా. అయినా దాన్ని తియ్యనివ్వను." ఆయన గొంతు పెంచలేదు. భుజం మీద కప్ప కొట్టుకుంటూనే ఉంది. "ఈ సంబంధం వద్దనుకుంటే వద్దనండి. పొద్దున్నే వత్సవాయి దాకా నడిచి బస్సెక్కుతా. ఇప్పుడు మాత్రం ఇక్కణ్ణించి కదలను."

నాన్న గాలం కర్ర నేలకేసి కొట్టి, బండ అవతలకి పోయి మాకు వీపు పెట్టి కూర్చున్నాడు. నేను నిలుచున్న చోటే నిలుచున్నాను. ఆ నిమిషంలో నాకు ఎవరైనా పదెకరాలు రాసిస్తామన్నా అంత సంతోషం కలిగేది కాదు. నవ్వితే నాన్నకి వినపడుతుందని పమిట నోట్లో కుక్కుకున్నాను.

"బాబూ, జలగలుంటయ్, పైకి రా," అని అత్త పిలిచింది.

"గాలం చుట్టేశారా అండి?" అని నీళ్ళలోంచే అడిగాడు.

సిలార్ బాబాయి దిగి వెళ్ళి, చొక్కాలోంచి ముల్లు తీసి, కప్పని వదిలేసి, తాడంతా కర్రకి చుట్టి చూపించాక గానీ ఆ మనిషి ఒడ్డుకి రాలేదు. పిక్కకి రెండు జలగలు అంటుకుని ఉన్నాయి. అత్త ఉప్పు వేసి వాటిని రాల్చింది.

ఆ పూట చేప లేని చేపల పులుసు తిన్నాం. మోదుగాకు విస్తట్లో వేడన్నం, దాని మీద ఉల్లిపాయలు తేలుతున్న ఎర్రటి పులుసు. నాన్న విస్తరి పట్టుకుని అవతలికి పోయి తిన్నాడు. వాతావరణం తేలికపరుద్దామని అత్త, "ఎట్లా ఉంది బాబూ పులుసు?" అంది.

"ఉప్పెక్కువైందండి," అన్నాడాయన.

అత్త బిత్తరపోయింది. ఆవిడ పులుసుకి వంక పెట్టినవాడు కూడా ఆ చుట్టుపక్కల లేడు. నేను తల ఎత్తి మొదటిసారి ఆ మనిషిని తిన్నగా చూశాను. ఆయన మళ్ళీ అన్నం పెట్టించుకున్నాడు.

తెల్లవారేసరికి గుట్టల మీద మబ్బు పట్టి నెమళ్ళు అరుస్తున్నాయి. నాన్న అప్పటికే లేచి కుంట గట్టు మీద నిలబడి ఉన్నాడు. నేను పక్కకి వెళ్ళగానే అన్నాడు.

"సామాను సర్దండి. ఈ సంబంధం మనకొద్దు."

"ఎందుకొద్దు?"

"ఎందుకేంటి? మొహం మీదే కాదన్నాడు. తాంబూలాలు కూడా పుచ్చుకోకముందే ఇట్లా ఉంటే రేపు నన్ను లెక్కచేస్తాడా?"

"అక్క మొగుడు నీకెప్పుడైనా ఎదురు చెప్పాడా నాన్నా?"

"లేదు. బంగారంలాంటి మనిషి."

"వాళ్ళమ్మకి కూడా చెప్పలేదుగా. అందుకే అక్క ఇంట్లో కూర్చుంది."

ఆ సంగతి నాన్నకీ ముల్లులా గుచ్చుకుంటూనే ఉందని నాకు తెలుసు. నేను ఆగలేదు, ఆగే రకాన్ని కూడా కాదు.

"నిన్న నువ్వు కప్పని పట్టమన్నప్పుడు నేనెందుకు ఊరుకున్నానో తెలుసా? నీ పరువు పోతుందని. నేను, నీ కూతుర్ని, నోరు మూసుకున్నా. అత్త మూసుకుంది. సిలార్ బాబాయి ఇన్నేళ్ళ స్నేహితుడు, ఆయనా ఒక్క మాటతో ఊరుకున్నాడు. నీ మంచి కోరేవాళ్ళం అందరం కలిసి నీ చేత ఆ పని చేయించేవాళ్ళమే. ఏమీ కానివాడు వచ్చి ఆపాడు. నాకా మనిషి కావాలి నాన్నా. నాకు నచ్చాడు."

ఇంత బాహాటంగా ఆ మాట అంటానని నేనే అనుకోలేదు. చెవులు వేడెక్కాయి. నాన్న నా వంక చూడకుండా నీళ్ళ వంకే చూస్తున్నాడు. జమ్ము పక్కన ఎర్ర మచ్చ మళ్ళీ పైకి తేలింది. గుంపు గుంపంతా ఉంది. ఆయన దాన్ని చాలాసేపు చూసి, ముక్కు చీదుకుని, పంచె అంచుతో మొహం తుడుచుకున్నాడు. మంచు పడుతోంది అన్నాడు. ఆరుద్ర కార్తెలో మంచేమిటని నేను అడగలేదు.

తర్వాత గబగబా బండ దగ్గరికి నడిచాడు. భవానీప్రసాద్ అక్కడ బరకం మడతపెడుతున్నాడు.

"ఏమయ్యా, ఒక సంగతి తేల్చు. మా అమ్మాయి నీకు నచ్చిందా, లేదా? పెద్దవాళ్ళ ఇష్టం అన్నావంటే మాత్రం ఈ కుంటలోనే ముంచుతా నిన్ను."

ఆయన బరకం కింద పెట్టి చేతులు దులుపుకున్నాడు. "ఆ సంగతి ఆవిడతో చెప్తానండి. మీరు కాసేపు అవతలకి వెళ్ళండి."

"నేనా? అవతలకా?"

"అవునండి. ఆ చెట్ల దాకా వెళ్తే చాలు."

మా నాన్న నా వైపు చూశాడు, సిలార్ బాబాయి వైపు చూశాడు. బాబాయి అప్పటికే నవ్వాపుకోలేక ట్రాక్టరు దారి పట్టాడు. అత్తకి గిన్నెలు గుర్తొచ్చాయి. నాన్న ఏదో గొణుక్కుంటూ మోదుగ చెట్ల వైపు నడిచాడు. నా ఎరుకలో ఆయన ఇంకొకరు చెప్పిన చోటికి నోరెత్తకుండా వెళ్ళడం అదే మొదలు.

ఇద్దరం మిగిలాం. ఆయన తెల్ల చొక్కా భుజం దగ్గర చిరిగి ఉంది, బురద ఎండి అట్టకట్టింది.

"నిన్నంతా నాకు పరీక్ష పెట్టారని తెలుసండి," అన్నాడు.

"తెలిసీ ఊరుకున్నారా? ఆ లాంతరు నేను మోయనని ఒక్క మాటంటే పోయేదిగా."

"లాంతరు బరువేం ఉందండి కాదనడానికి? కాఫీ అయితే ఏంటి, టీ అయితే ఏంటి? కాదనేంత సంగతి ఏదీ రాలేదు."

"చూపులనాడు నన్ను అడిగినప్పుడు కూడానా? అదీ కాఫీ, టీయేనా?"

ఆయన ఎర్రబడ్డాడు. "అది తప్పేనండి. అంతమంది ముందు మీరు నచ్చారని చెప్పడానికి నోరు రాలేదు." నా మొహంలోకి చూసి అన్నాడు. "నాకు మీరంటే భయంగా ఉందండి. మీ నాన్నగారి కంటే ఎక్కువ భయం. అయినా మిమ్మల్నే చేసుకుంటా."

"భయపడేవాళ్ళు నాతో ఎట్లా వేగుతారు?" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"నిన్న నీళ్ళలో ధైర్యంగా నిలబడ్డాననుకుంటున్నారా? దిగినప్పటి నుంచీ పైకొచ్చేదాకా కాళ్ళు వణుకుతూనే ఉన్నాయండి."

నాకు నవ్వొచ్చింది, కళ్ళలో నీళ్ళు కూడా వచ్చాయి. రెండూ కనపడనివ్వడం ఇష్టం లేక చెట్ల వైపు తిరిగి, అడవంతా వినపడేటట్టు గట్టిగా కేకేశాను.

"నాన్నా, ఇక వచ్చెయ్. ఆషాఢం రాకముందే తాంబూలాలు పెట్టించు."